మీకు తెలుసా? పొలం రంగు మార్చే సంతకం ఎవరిది?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగితే ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులు, బట్టల దుకాణాలు, సాయిబాబా గుడికి పోయే జనం. ఇదంతా ఒకప్పుడు సాగుభూమి. మలక్‌పేట ప్రాంతపు జాగీరుకు చెందిన దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ తన పొలాలను ఇళ్ల స్థలాలుగా విడగొట్టి, ఆ కాలనీకి తన పేరే పెట్టారని స్థానిక చరిత్ర చెబుతుంది. అక్కడ పొలం ప్లాటుగా మారింది ఒక భూస్వామి నిర్ణయంతో.

ఇవాళ తుర్కయాంజాల్‌లోనో, పెద్ద అంబర్‌పేటలోనో అదే పని చేయాలంటే భూమి సొంతమైతే చాలదు. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరుకు ఏ రంగు వేశారన్నది అసలు ప్రశ్న. ఆ రంగు ఎవరు వేస్తారు, ఎవరు మారుస్తారు, మార్చేటప్పుడు ఊరివాళ్ల మాట ఎక్కడ వినబడుతుంది? ఈసారి సంగతులన్నీ వాటి చుట్టూనే.

ఎల్బీనగర్ ఒకప్పుడు 'గ్రామీణ' జిల్లాలో ఉండేది

1978లో హైదరాబాద్ జిల్లాను విడదీసి కొత్త జిల్లా చేసినప్పుడు దానికి మొదట పెట్టిన పేరు హైదరాబాద్ రూరల్. తర్వాత కొండా వెంకట రంగారెడ్డి పేరు పెట్టారు. ఎల్బీనగర్ ఆ జిల్లాలోది. లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీద వచ్చిన ఈ పట్టణం కింద కర్మన్‌ఘాట్, సాహెబ్‌నగర్ కలాన్, మన్సూరాబాద్, నాగోల్, బండ్లగూడ, హయత్‌నగర్ లాంటి పాత ఊళ్లున్నాయి. మీ అపార్ట్‌మెంట్ దస్తావేజు తీసి చూడండి. కాలనీ పేరుకన్నా ముందు ఊరి పేరు, సర్వే నంబరు కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ నంబరు మీదే పహాణీలో పంట రాసేవారు.

2007 ఏప్రిల్ 16న చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీని ఏర్పాటు చేసినప్పుడు వాటిలో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం కూడా ఉన్నాయి. అంటే అంతదాకా దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల వాళ్లకు తమ మున్సిపల్ ఆఫీసు నడిచివెళ్లే దూరంలోనే ఉండేది.

నాలా అయితే లేఔట్ వేసుకోవచ్చా?

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని పోతే వెంచర్లు చూపించేవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: "నాలా కన్వర్షన్ అయిపోయిందండీ, ఇక భయం లేదు." చాలామంది కొనుగోలుదారులు దెబ్బతినేది ఈ మాట దగ్గరే.

ఇక్కడ రెండు వేర్వేరు అనుమతులున్నాయి. మొదటిది రెవెన్యూ శాఖది. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చుకోవడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో వచ్చిన చట్టం ప్రకారం, భూమి విలువలో కొంత శాతం ఒకేసారి ఫీజుగా కట్టాలి. అంతకుముందు 1963 నాటి చట్టం కింద వ్యవసాయేతర భూములపై ఏటా పన్ను ఉండేది. ఆ పాత చట్టం పోయినా దాని పొట్టి పేరు 'నాలా' జనం నోట్లో ఉండిపోయింది. అనుమతి లేకుండా భూమిని వేరే పనికి వాడితే ఫీజుకు తోడు దానిలో సగం జరిమానా కూడా 2006 చట్టంలోనే ఉంది. 2020 అక్టోబరులో ధరణి వచ్చాక ఈ పని తహసీల్దారు చేతికి వచ్చింది. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది.

రెండోది ప్రణాళికా విభాగానిది. భూ వినియోగ మార్పు అంటారు. మాస్టర్ ప్లాన్‌లో ఆ నేలకు రాసిపెట్టిన వాడకాన్నే మార్చడం ఇది. ఇది తహసీల్దారు చేతిలో లేదు. నాలా కట్టి రసీదు పట్టుకున్నా, మాస్టర్ ప్లాన్‌లో ఆ పొలం కన్జర్వేషన్ జోన్‌లో ఉంటే మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ లేఔట్ ఇవ్వదు. పైగా నాలా అయిన నేల వ్యవసాయ భూమి లెక్కలోంచి పోతుంది కాబట్టి రైతు భరోసా కూడా రాదు. రసీదును నమ్మి కొన్నవాళ్లకు అటు సాగు సాయం ఉండదు, ఇటు ఇంటి అనుమతి ఉండదు. రెండు కాగితాలూ చూడకుండా బయానా ఇవ్వకండి.

గుంటల లెక్కన అమ్మే 'ఫామ్ ప్లాట్' సంగతీ అంతే. అది లేఔట్ కాదు. అందులో చూపించే మట్టిరోడ్డు రికార్డుల్లో ఎవరి పట్టాలోదో ముందు కనుక్కోవాలి.

నేలకు రంగులు

హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ హుడా 1975లో పుట్టింది. 2008లో దానితోపాటు విమానాశ్రయ, సైబరాబాద్, బుద్ధపూర్ణిమ అభివృద్ధి సంస్థలను కలిపి హెచ్‌ఎండీఏను చేశారు. అప్పటి పరిధి 7,200 చదరపు కిలోమీటర్లకు పైగా. విస్తరించిన ప్రాంతానికి 2031 వరకు వర్తించే మాస్టర్ ప్లాన్‌ను 2013 జనవరిలో నోటిఫై చేశారు. అందులో నివాస జోన్లు నాలుగు రకాలు. అవి కాక పెరి అర్బన్, తయారీ రంగం, వినోదం, అడవి, జలవనరులు, కన్జర్వేషన్ అన్నవి ఉన్నాయి. ఊళ్లలో కన్జర్వేషన్ జోన్‌ను గ్రీన్ జోన్ అంటారు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుకు అటు ఒక కిలోమీటరు, ఇటు ఒక కిలోమీటరు గ్రోత్ కారిడార్.

దీని బరువు రైతుకే తెలుసు. పక్కపక్క చేన్లు. ఒకే ఎర్రనేల, ఒకే కాలువ. గీతకు ఇటువైపు నివాస జోన్, అటువైపు గ్రీన్ జోన్. ఇటువైపు గజాల లెక్క, అటువైపు ఎకరాల లెక్క. ఎకరమంటే 4,840 గజాలు. రోడ్లకూ పార్కుకూ పోగా సగం అటూఇటూ మాత్రమే అమ్మకానికి మిగిలినా, ఆ తేడా ఒక కుటుంబం రెండు తరాల చదువులకూ పెళ్లిళ్లకూ సరిపోతుంది. గ్రీన్ జోన్ రైతు సాగు మానకుండా ఉండబట్టే కింద భూగర్భజలం నిలుస్తుంది, నగరానికి ఆకుకూర అందుతుంది. ఆ మేలుకు అతనికి నగరం ఏమీ చెల్లించదు. జోన్ పెట్టడం అవసరమే. దాని ఖర్చు మొత్తం ఒక్క రైతు నెత్తిన వేయడం మాత్రం అన్యాయం. గ్రీన్ జోన్ ఎత్తేయాలని రైతు అడిగినప్పుడు ఆశపోతు అనేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలి.

రాజ్యాంగం ఒకటి చెబుతోంది

74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 విషయాలున్నాయి. మొదటిది పట్టణ ప్రణాళిక. రెండోది భూ వినియోగ నియంత్రణ, భవన నిర్మాణం. రోడ్లు, నీళ్లు, చెత్త అన్నీ ఆ తర్వాతే. 243జెడ్‌ఈ అధికరణం ఇంకో అడుగు ముందుకేసి, మహానగరాలకు మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ ఉండాలని, దాని సభ్యుల్లో కనీసం మూడింట రెండొంతుల మందిని కౌన్సిలర్లు, సర్పంచులు తమలోంచి ఎన్నుకోవాలని చెప్పింది.

మన దగ్గర నడిచే దారి వేరు. భూ వినియోగ మార్పు కోసం దరఖాస్తు హెచ్‌ఎండీఏకు వెళ్తుంది. అది పరిశీలించి రాష్ట్ర ప్రభుత్వ పురపాలక శాఖకు పంపుతుంది. ముసాయిదా ప్రకటన వస్తుంది. అభ్యంతరాలు చెప్పడానికి సాధారణంగా ఇచ్చేది పదిహేను రోజులు. తర్వాత సచివాలయం నుంచి జీవో. ఈ వరసలో వార్డు కార్పొరేటరు సంతకం గానీ, గ్రామసభ తీర్మానం గానీ తప్పనిసరి కాదు. నాలుగు ఊళ్ల నీళ్లు, బాటలు మారిపోయే నిర్ణయానికి ఆ ఊళ్ల తీర్మానం ఒక్కటైనా ఉండాలి. ఉన్న గడువు కూడా పేపర్లో మూలన పడ్డ చిన్న ప్రకటనతో మొదలై, చాలామంది చూడకముందే అయిపోతుంది.

మాస్టర్ ప్లాన్ రంగు ఒకప్పుడు భూమి పోవడానికీ కారణమైంది

1976 పట్టణ భూగరిష్ఠ పరిమితి చట్టం కింద హైదరాబాద్‌లో ఒకరు ఉంచుకోగల ఖాళీ పట్టణ భూమి 1,000 చదరపు మీటర్లు. ప్రధానంగా సాగుకు వాడే భూమి ఆ లెక్కలోకి రాదు. ఇక్కడే ఒక మెలిక ఉంది. నిజంగా దున్నుతున్న భూమి అయినా, మాస్టర్ ప్లాన్‌లో దాన్ని వేరే అవసరానికి చూపించి ఉంటే సాగుభూమిగా లెక్కించకూడదని చట్టం వివరణలోనే రాశారు. అంటే ఆఫీసులో గీసిన పటం, చేలో నడుస్తున్న నాగలిని కాదనగలదు. ఉమ్మడి రాష్ట్రంలో ఈ చట్టం 2008లో రద్దయింది.

రద్దయినా దాని నీడ పోలేదు. ఎల్బీనగర్‌తో పాటు శివారు నియోజకవర్గాల్లో రిజిస్ట్రేషన్లు ఆగిపోయి, ఇల్లు అమ్ముకోలేక, బ్యాంకు రుణం దొరక్క ఏళ్లపాటు నలిగిన కాలనీలున్నాయి. అలాంటి 44 కాలనీల కోసం 2022లో జీవో 118 ఇచ్చి, గజానికి 250 రూపాయలు కట్టించుకుని క్రమబద్ధం చేస్తామన్నారు. అప్పటికే ఆ ఇళ్లకు కరెంటు మీటర్లున్నాయి, ఆస్తి పన్ను రసీదులున్నాయి. లేనిదల్లా యజమాని హక్కే.

ఏడేళ్లలో మూడు ఆఫీసులు

తుర్కయాంజాల్, ఆదిబట్ల 2018 దాకా గ్రామ పంచాయతీలు. ఆ ఏడాది మున్సిపాలిటీలయ్యాయి. 2025 చివర్లో ఔటర్ లోపల, అంచుల్లో ఉన్న 27 పురపాలక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపినప్పుడు అవీ కలిశాయి. పెద్ద అంబర్‌పేట, బడంగ్‌పేట, మీర్‌పేట, జల్‌పల్లి కూడా అదే జాబితాలోవి. ఒక రైతు తన పొలం గట్టు గొడవ గురించి సర్పంచి దగ్గరికి పోయినవాడు, ఏడేళ్లు తిరిగేసరికి మహానగర కార్పొరేషన్ మెట్లెక్కాల్సి వచ్చింది.

సర్పంచి సంతకంతో లేఔట్లు

శివారు ఊళ్లలో 'పంచాయతీ లేఔట్' అని అమ్మిన వెంచర్లు లెక్కలేనన్ని. మామూలు లేఔట్‌లో పదో వంతు స్థలం పార్కు, ఆటస్థలం కోసం వదలాలి, సరైన వెడల్పులో రోడ్లు వేయాలి. పంచాయతీ కాగితం మీద వేసినవాళ్లు ఆ పదో వంతును కూడా ప్లాట్లు చేసి అమ్మేశారు. కొన్నవాళ్లకు చౌకగా వచ్చినట్టనిపించింది. తర్వాత మురుగు కాలువ వేయడానికి జాగా లేక, ఫైరింజను తిరగడానికి సందు లేక తెలిసివచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో లేఔట్‌కు సాంకేతిక అనుమతి పై నుంచి రావాల్సిందేనని కట్టుదిట్టం చేశారు.

అప్పటికే అమ్ముడైన వాటికి క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి. 2007లో ఒకటి, 2015లో ఒకటి, 2020లో ఇంకొకటి. చివరిదానికి రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. పార్కు వదలని లేఔట్‌లో ప్లాటు కొన్నవాళ్లు క్రమబద్ధీకరణ రుసుముతో పాటు ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం చార్జీగా కట్టాలి. గమనించండి: పార్కు మింగింది వెంచర్ వేసినవాడు, కట్టేది కొన్నవాడు. ఎంత కట్టినా ఆ వీధికి పార్కు మాత్రం తిరిగి రాదు.

సరూర్‌నగర్ చెరువు కింద ఏముండేది?

ఆయకట్టు. 17వ శతాబ్దంలో సాగునీటి కోసం, తాగునీటి కోసం కట్టిన చెరువు ఇది. చెరువు కింద పొలాలు, పైన నీళ్లు తెచ్చే వాగులు, మధ్యలో గొలుసుగా చిన్న కుంటలు. పొలాలు కాలనీలయ్యాక తూముకు పని లేకుండా పోయింది. నీటికి మాత్రం పాత దారి గుర్తుంది. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చుట్టూ కోదండరాంనగర్ లాంటి కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చి, జనం రోజుల తరబడి మేడల మీద గడిపారు.

నీళ్లు తగ్గినప్పుడు చెరువు లోపలి నేలలో సాగు చేసుకునే హక్కు కొందరు రైతులకు ఉండేది. అదే శిఖం పట్టా. సాగుకు ఇచ్చిన ఆ హక్కును ఇంటి స్థలంగా అమ్మడంతో చాలా చెరువులు కుంచించుకుపోయాయి. 2012 నాటి భవన నిబంధనల (జీవో 168) ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలను కూల్చే హైడ్రా ఏర్పాటయ్యాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీరు నిలిచే హద్దు), బఫర్ అన్న మాటలు ఇంటింటికీ తెలిశాయి. కూల్చేటప్పుడు తెలియడం కన్నా అమ్మేటప్పుడే తెలియాలి కదా. రిజిస్ట్రేషన్ కాగితం మీదే 'ఈ సర్వే నంబరు బఫర్‌లో ఉంది' అని ముద్ర పడే ఏర్పాటు ఉంటే ఎన్ని కుటుంబాలు బతికిపోయేవో.

రంగు మారని నేల ఒకటి

వనస్థలిపురం పక్కనే విజయవాడ రహదారి వెంట 14.59 చదరపు కిలోమీటర్ల మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాం వేట మైదానం. మహావీరుడి నిర్వాణానికి 2,500 ఏళ్లయిన సందర్భంగా 1975లో కృష్ణజింకల కోసం కేటాయించారు, తర్వాత జాతీయ ఉద్యానవనమైంది. తూర్పు హైదరాబాద్‌లో ఇంత పెద్ద పచ్చటి నేల ఇవాళ్టికీ మిగిలిందంటే, చట్టం దాన్ని గట్టిగా పట్టుకుని ఉండబట్టే. పడమట జంట జలాశయాల కోసం 1996లో 84 గ్రామాలకు వర్తించేలా తెచ్చిన జీవో 111 ఆంక్షలను మాత్రం 2022లో ఇంకో జీవోతో సడలించారు. జీవోతో వచ్చిన రక్షణ జీవోతోనే పోతుంది. జాతీయ ఉద్యానవనాన్ని అలా చేయలేరు.

  

కామారెడ్డి రైతులు గీత చెరిపించారు

స్థానిక సంస్థ ఏమీ చేయలేదనుకునేవాళ్లకు ఈ కథ తెలియాలి. కామారెడ్డి మున్సిపాలిటీ కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా 2022 చివర్లో బయటికొచ్చింది. అడ్లూర్, అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్, లింగాపూర్, టేక్రియాల్ లాంటి గ్రామాల్లో పంట భూములు పారిశ్రామిక జోన్‌లోకి, రోడ్ల గీతల కిందికి వెళ్లాయని రైతులు గుర్తించారు. రెండు కార్ల పంటలు పండే భూమి. జోన్ మారితే అమ్ముడుపోదు, బ్యాంకు తాకట్టు పెట్టుకోదు, ఇల్లు కట్టుకోనివ్వరు అన్నది వాళ్ల భయం. అభ్యంతరాల గడువు 2023 జనవరి 11. ఆలోపే ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. జనవరి 5న వేలమంది కలెక్టరేట్ ముందు కూర్చున్నారు. కౌన్సిలర్ల ఇళ్లకు వెళ్లి వినతిపత్రాలిచ్చారు, రాజీనామా చేయమని అడిగారు. హైకోర్టుకూ వెళ్లారు.

జనవరి 20న కామారెడ్డి కౌన్సిల్ సమావేశమై ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. అదే నెలలో జగిత్యాల కౌన్సిల్ కూడా తమ ముసాయిదాను పక్కన పెట్టింది.

ఇలాంటిదే సముద్రాల అవతల కూడా జరిగింది. మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉంటున్న కెనడాలోని ఒంటారియోలో, టొరంటో చుట్టూ కాపాడుతూ వస్తున్న గ్రీన్‌బెల్ట్ నుంచి సుమారు 7,400 ఎకరాలను ఇళ్ల నిర్మాణానికి తీస్తూ 2022లో ప్రభుత్వం నిర్ణయించింది. ఎంపిక పద్ధతి కొందరు డెవలపర్లకు అనుకూలంగా ఉందని 2023 ఆగస్టులో ఆడిటర్ జనరల్ నివేదిక ఇచ్చారు. సెప్టెంబరులో ప్రీమియర్ డగ్ ఫోర్డ్ క్షమాపణ చెప్పి నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. అక్కడ ఆడిటర్ నివేదిక రాసి చేసిన పని, ఇక్కడ రైతులు పొలం మానుకుని రోడ్డెక్కి చేశారు.

ఇప్పుడు మన వంతు రాబోతోంది

2025 మార్చిలో హెచ్‌ఎండీఏ పరిధిని రీజినల్ రింగ్ రోడ్డు దిశగా 10,472 చదరపు కిలోమీటర్లకు పెంచారు. అదే సమయంలో శ్రీశైలం, నాగార్జునసాగర్ రహదారుల మధ్య 7 మండలాల్లోని 56 గ్రామాలతో ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీని పెట్టారు. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం, కందుకూరు మండలాలు అందులో ఉన్నాయి. ఎల్బీనగర్ చౌరస్తాలో రోజూ బస్సు మారే వాళ్లలో ఆ ఊళ్లవాళ్లు ఎందరో. 2050 లక్ష్యంగా కొత్త మాస్టర్ ప్లాన్ పనీ నడుస్తోంది. కొత్త పటం వస్తే కొత్త రంగులు వస్తాయి, ముసాయిదా వస్తుంది, గడువు మొదలవుతుంది.

అభ్యంతరం రాయడానికి లాయరు అక్కర్లేదు, తెలుగులోనే రాయొచ్చు. ఊరు, మండలం, సర్వే నంబరు, విస్తీర్ణం రాయండి. ఇప్పుడు ఏం పండుతోంది, బోర్లెన్ని, ఏ వాగు ఏ చెరువులోకి పోతుంది, బండ్ల బాట ఎటు ఉంది అన్నవి రాయండి. నగరంలో కూర్చుని పటం గీసినవాళ్లకు తెలియనివి అవే. పాస్‌బుక్ నకలు, పొలం ఫొటో జతచేయండి. ఒక్కరే కాకుండా పక్క చేను వాళ్లతో కలిసి ఇస్తే ఇంకా మంచిది, విడివిడిగా కూడా ఇవ్వండి. ఇన్‌వర్డ్ సెక్షన్‌లో తేదీతో ముద్ర వేయించుకున్న నకలు దాచుకోండి. రేపు ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుకో, హైకోర్టుకో పోవాల్సి వస్తే గడువు లోపలే చెప్పామని చూపించేది ఆ నకలే.